కాపరి మారినా మంద చెదరకూడదు



మీ విచారణ గురువులు బదిలీ అయి వెళ్ళిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. గుడి వసారాలో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. పిల్లలు జీపు వెనక పరుగెడతారు. అయినా మరుసటి ఆదివారం అదే పీఠం మీద దివ్యబలిపూజ జరుగుతుంది. జ్ఞానస్నానాల రిజిస్టరు, గుడి తాళాలు, సగంలో ఉన్న ప్రహరీగోడ లెక్కలు కొత్త గురువుల చేతికి వస్తాయి. మనిషి మారారు గాని విచారణ మారలేదు. శ్రీసభకు ఇది తరతరాల అలవాటు.

ఇలాంటి అలవాటు లేని ఇళ్ళు కొన్ని ఉన్నాయి. అమ్ముడుపోయి, చెరనుండి బయటపడిన ఆడపడుచులకు, వెట్టినుండి విడుదలైన కుటుంబాలకు నీడనిచ్చే సేవాసంస్థలవి. ఆ ఇంటిని స్థాపించిన పెద్దదిక్కు తప్పుకున్నప్పుడు, లేదా కన్నుమూసినప్పుడు, లోపల ఉన్నవారి గతి ఏమిటి? ఈ వారం మన పాఠం ఇదే.

నమ్మకమే మొదటి గాయం

కావలి మొదలు తడ వరకు ఉన్న మన తీరంలో ఈ మాట ఎవరికీ కొత్త కాదు. కువైట్‌లో ఇంటిపని, నెలనెలా జీతం అని చెప్పి స్త్రీలను పంపే ఏజెంట్లు మన పల్లెలకు తెలుసు. గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీలలో ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైనవారికి 30 ఏళ్ళు నిండాలని ప్రభుత్వ నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద విమానం ఎక్కించేవారున్నారు. అక్కడ దిగాక పాస్‌పోర్టు యజమాని చేతిలోకి పోతుంది. ఇక మన జిల్లాలో ఎక్కువగా ఉన్న యానాదుల సంగతి చూడండి. కొద్దిపాటి అడ్వాన్సుకు ఇటుక బట్టీలకో, చేపల చెరువులకో కట్టుబడి, తీరని అప్పుకు ఇంటిల్లిపాదీ చాకిరీ చేసిన కుటుంబాలున్నాయి. రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్ని, వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం వచ్చినంతమాత్రాన చెర తొలగిపోలేదు.

ఈ వ్యాపారం బలప్రయోగంతో మొదలవడం అరుదు. అది నమ్మకంతో మొదలవుతుంది. తీసుకుపోయేది చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాడు కాదు. వరసకు పిన్ని అయ్యే మనిషి, పక్కవీధి అన్న, పెళ్ళి చేసుకుంటానన్న కుర్రవాడు. కాబట్టి విడిపించి తెచ్చిన అమ్మాయి మనసులో ముందుగా చచ్చిపోయేది మనిషి మీద నమ్మకం. ఆశ్రయగృహంలో నెలల తరబడి ఆమె ఎవరితోనూ మాట్లాడకపోవచ్చు. చివరికి ఒకరిని నమ్ముతుంది. జ్వరం వచ్చినపుడు తడిగుడ్డ వేసిన అక్క, మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇచ్చేటప్పుడు తలుపు దగ్గర నిలబడిన సిస్టర్‌గారు, ఇంటికి ఉత్తరం రాసిపెట్టిన సార్. ఆమెకు సంస్థ పేరు పట్టదు, కమిటీ పట్టదు. ఆమెకు సంస్థ అంటే ఆ ఒక్క మనిషే.

ఆ మనిషి ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే, ఆమె లెక్కలో అది రెండోసారి మోసపోవడం. కోర్టు వాయిదాలు ఏళ్ళ తరబడి సాగుతాయి. అండ పోయిందని తెలిస్తే సాక్ష్యం తిప్పించడానికి అవతలివారు ఆ సందులోనే వస్తారు. అందుకే ఇటువంటి సంస్థలో నాయకత్వం మారడం ఆఫీసు వ్యవహారం మాత్రమే కాదు. ప్రాణాల మీదికి వచ్చే వ్యవహారం.

మోషే నేర్పిన మూడు సంగతులు

సంఖ్యాకాండం 27వ అధ్యాయం ఇంట్లో చదివి చూడండి. వాగ్దత్తభూమిలో తాను అడుగుపెట్టనని మోషేకు తెలిసింది. అప్పుడు ఆయన తన గురించి అడగలేదు. కాపరి లేని గొర్రెలవలె ఈ ప్రజ చెదరిపోకుండా ఒకరిని నియమించమని దేవుణ్ణి వేడుకున్నాడు. దేవుడు యెహోషువను చూపించాడు. యాజకుని ఎదుట, సమాజమంతటి ఎదుట అతణ్ణి నిలబెట్టి, తన అధికారంలో కొంత అతనికి ఇమ్మన్నాడు. ఇందులో మూడు సంగతులున్నాయి: ముందుగా అడగడం, అందరి ఎదుట అప్పగించడం, కొంతకొంతగా ఇవ్వడం.

మొదటిది, ముందుగా. హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను 1996లో ఖాళీ చేయించారు. స్త్రీలు, పిల్లలు వీధిన పడ్డారు. ఆ పిల్లలు తల్లుల బాటలోకి ఈడ్వబడకూడదని, ఖాళీ అయిన ఆ చోటనే బడి పెట్టిన ఇద్దరున్నారు. ఒకరు సునీతా కృష్ణన్‌గారు. రెండోవారు సెయింట్ గాబ్రియేల్ మోంట్‌ఫోర్ట్ సభకు చెందిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌గారు. అలా పుట్టిందే ప్రజ్వల సంస్థ. తొలిరోజుల్లో సంస్థ నడవడానికి సునీతగారు తన నగలు, ఇంట్లో సామాన్లు సైతం అమ్ముకున్నారు. కొన్నేళ్ళకు బ్రదర్ జోస్‌గారు ప్రభువు సన్నిధికి చేరారు. మరణం ముందుగా ఉత్తరం రాసి రాదు. అయితే ఆ పనిని మొదటినుండి ఇద్దరు మోశారు గనుక ఒకరు ఒరిగినా కాడి నేల పడలేదు. బాధితుల రక్షణ కోసం ప్రజ్వల 2004లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం మీద ఉత్తర్వు 2015 డిసెంబరులో వచ్చింది. దాన్ని చూడడానికి బ్రదర్ జోస్‌గారు లేరు. ఒక మనిషి ఆయుష్షుకు కట్టివేసిన సంస్థ అన్నేళ్ళు ఒక్క వ్యాజ్యాన్ని పట్టుకుని నిలవడం కష్టం.

రెండోది, అందరి ఎదుట. మనుషుల అక్రమ రవాణాను ఎదిరించే మఠకన్యల అంతర్జాతీయ వేదిక ఒకటి 2009లో ఏర్పడింది. దాని పేరు తలితా కూమ్. యాయీరు కుమార్తెను లేపుతూ మన ప్రభువు పలికిన మాటే దాని పేరు. దానికి మొదట ఫిలిప్పీన్స్‌కు చెందిన సలేషియన్ మఠకన్య సిస్టర్ ఎస్ట్రెల్లా కస్తలోనె సమన్వయకర్తగా ఉన్నారు. 2015లో ఇటలీకి చెందిన కొంబోని మఠకన్య సిస్టర్ గాబ్రియెల్లా బొత్తాని వచ్చారు. 2022లో మేరీనోల్ సభకు చెందిన సిస్టర్ ఆబీ అవెలీనో బాధ్యత తీసుకున్నారు. ముగ్గురూ మూడు సభలవారు. ఒకరి తర్వాత ఒకరు బహిరంగంగా వచ్చారు, బహిరంగంగా అప్పగించి తప్పుకున్నారు. మన దేశంలో అమ్రత్ పేరుతో ఈ సేవలో ఉన్న మఠకన్యలు ఆ వేదికతో కలిసి పనిచేస్తున్నారు. రోములో మనిషి మారినందువల్ల ఇక్కడ ఏ అమ్మాయి చేయీ వదిలివేయబడలేదు. ఆశ్రయగృహంలోనూ ఇలాగే జరగాలి. పాతవారు కొత్తవారిని వెంటబెట్టుకుని ఒక్కొక్క అమ్మాయి దగ్గర కూర్చోవాలి. తాను ఎందుకు వెళుతున్నదీ, ఎప్పుడు వెళుతున్నదీ తన నోటితోనే చెప్పాలి. “అక్క ఊరెళ్ళింది, వస్తుంది” అని చెప్పే అబద్ధం ఆమె లోగడ విన్న అబద్ధాలకు చెల్లెలే.

మూడోది, కొంతకొంతగా. అధికారం ఒక్కరోజున బుట్టతో ఎత్తి ఇచ్చేది కాదు. మొదట వంటింటి లెక్కలు, తర్వాత కోర్టు పనులు, తర్వాత పోలీసులతో మాటామంతీ, చివరికి సంతకం. ఇంకొక ముఖ్య సంగతి. బయటపడినవారు ఎల్లకాలం ఆదుకోబడేవారుగానే ఉండిపోకూడదు. ప్రజ్వలలో అలాంటి స్త్రీలు వెల్డింగు, వడ్రంగం వంటి పనులు నేర్చారు. కొందరు ఆ సంస్థలోనే ఉద్యోగులయ్యారు. సేవ పొందినవారికి సేవను నడిపే పాలు దక్కితేనే ఆ ఇల్లు వారిదవుతుంది. పునీత జోసెఫీన్ బఖీతమ్మను తలచుకోండి. సూడాన్‌లో బాల్యంలోనే ఎత్తుకుపోబడి, పలుమార్లు అమ్ముడుపోయిన ఆమె స్వతంత్రురాలని 1889లో వెనిస్ న్యాయస్థానం తేల్చింది. కనోసియన్ మఠకన్యగా సేవచేసి 1947 ఫిబ్రవరి 8న మరణించిన ఆమెను 2000లో శ్రీసభ పునీతురాలిగా ప్రకటించింది.

ఏమేమి అప్పగించాలి?

సంస్థల కమిటీలలో ఉన్నవారు ఇది జాగ్రత్తగా గమనించాలి. రిజిస్ట్రారుకు కొత్త కార్యవర్గం జాబితా పంపాలి. బ్యాంకులో సంతకాలు మార్చాలి. విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంస్థ ముఖ్య బాధ్యుల మార్పును కేంద్ర హోంశాఖకు తెలపాలి. ఇవన్నీ కాగితాలలో దొరుకుతాయి.

కాగితాలలో దొరకనివి ఇంకా ముఖ్యం. ఏ కేసుకు ఏ తేదీన వాయిదా ఉంది? వెట్టినుండి విడుదలైన ఏ కుటుంబానికి విడుదల పత్రం ఇంకా చేతికి రాలేదు? అది లేనిదే పునరావాస సహాయం చిక్కుల్లో పడుతుంది. ఏ అమ్మాయిని ఇంటికి పంపితే ప్రమాదం? ఎవరికి ఏ మాట ఇచ్చాం? వెళ్ళేవారు తలలో మోసిన ఈ సంగతులన్నీ రాసి ఇవ్వాలి. అమ్మాయిల రహస్యాలు మాత్రం అవసరమైనవారికే, అవసరమైనంతే తెలియాలి.

స్థాపకులకు మనసులో జరిగే పోరాటం కూడా తక్కువది కాదు. “నేను లేకపోతే ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు?” అన్న ప్రశ్నలో ప్రేమ ఉంది. దాని చాటున “నాలాగా ఎవరూ చూడలేరు” అన్న గర్వం దాగి ఉండవచ్చు. 2013 ఫిబ్రవరిలో 16వ బెనెడిక్ట్ జగద్గురువులు, తన శక్తి క్షీణించిందని చెప్పి, పునీత పేతురు పీఠాన్నే విడిచారు. తప్పుకోవడం ప్రేమ తగ్గడం కాదని ఆయన చూపించారు. తప్పుకున్నాక వెనకనుండి పగ్గాలు లాగకుండా ఉండడం కూడా ఆ ప్రేమలో భాగమే.

మన కుటుంబాలు చేయగలిగినవి

ఇచ్చే విరాళం మీకు తెలిసిన ఫాదర్‌గారి మొహం చూసో, సిస్టర్‌గారి మొహం చూసో ఇస్తే, వారు బదిలీ అయిన నెలలో అది ఆగిపోతుంది. సంస్థ పేరున, నెలనెలా, చిన్న మొత్తమైనా ఇవ్వండి. కొత్త బాధ్యులు వచ్చినపుడు “పాతవారైతే ఇలా చేసేవారు కాదు” అని అమ్మాయిల ముందు అనకండి. ఊరికి తిరిగివచ్చిన ఆడపడుచును జరిగినదంతా చెప్పమని అడగకండి, గుడి ఉత్సవాలలో వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. అనుమానం కలిగితే పిల్లల కోసం 1098కి, స్త్రీల కోసం 181కి, అత్యవసరమైతే 112కి ఫోను చేయండి. 2015 నుండి ఫిబ్రవరి 8, బఖీతమ్మ పండుగ, అక్రమ రవాణా నిర్మూలన కోసం ప్రపంచమంతా ప్రార్థించే దినం. ఆ రోజు ఇంట్లో జపమాలలో ఒక పదిని ఈ బిడ్డల కోసం, వారిని కాచే ఇళ్ళ కోసం అర్పించండి.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి

1. మోషే ఎందుకు బతికి ఉండగానే యెహోషువను ప్రజల ఎదుట నిలబెట్టాడు?

2. మన విచారణలోని సంఘాలలో, ఒక్కరు లేకపోతే ఆగిపోయే పని ఏది? దాన్ని ఇప్పుడే ఎవరికి నేర్పాలి?

3. మన వీధిలో గల్ఫ్‌కు వెళ్ళిన స్త్రీ ఇంటికి చివరిసారి ఎప్పుడు ఫోను చేసింది? ఆమె క్షేమం కనుక్కునేవారు ఉన్నారా?

మంచి కాపరియైన ప్రభువా, చెరనుండి వచ్చిన నీ బిడ్డలు మరల ఒంటరివారు కాకుండా కాపాడుము. వారిని కాచేవారికి సమయానికి చేతులు అందించే, సమయానికి చేతులు విడిచే వివేకము దయచేయుము. ఆమెన్.