చెవి మిషన్ బీరువాలో ఎందుకుంది?



ఎన్నో ఇళ్లలో పెద్దవారి చెవి మిషన్ చెవికి ఉండదు, బీరువాలో ఉంటుంది. "పెట్టుకుంటే అంతా గోల" అని వారంటారు. "అంత ఖర్చుపెట్టి కొంటే పెట్టుకోరు" అని పిల్లలంటారు. ఇద్దరి మాటా నిజమే. మరి లోపం ఎక్కడ?

కళ్లజోడు పెట్టుకోగానే అక్షరం కనబడుతుంది. చెవి మిషన్ అలా కాదు. అది శబ్దాన్ని పెంచుతుంది; ఆ శబ్దంలోంచి మాటను ఏరుకోవలసింది మెదడు. ఏళ్ల తరబడి సన్నని ధ్వనులు వినని వారికి గిన్నెల మోత, ఫ్యాను చప్పుడు, చివరకు తమ సొంత గొంతు కూడా కొత్తగా తోస్తాయి. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడు పక్కన ఒక మనిషి కావాలి.

ఆ మనిషి నిపుణుడే కానక్కరలేదు. నిపుణులు తక్కువగా ఉన్న దేశాలలో శిక్షణ పొందిన ఇతరులూ ఈ సేవలో పాలుపంచుకోవచ్చని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలిచ్చింది. పేద వృద్ధులకు చెవి మిషన్లు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే ప్రారంభమైంది. ఇవ్వటం ఒక రోజు పని. అలవాటు చేయటం అనేక రోజుల పని.

నేర్చుకోవలసినవి ఐదు:

1. అమరిక: ఎర్ర గుర్తు కుడి చెవికి, నీలం గుర్తు ఎడమ చెవికి. ఈల వేస్తుంటే సరిగా కూర్చోలేదేమో చూడాలి.

2. సమయం: మొదట నిశ్శబ్దమైన గదిలో, ఒక్కరితో మాట్లాడుతూ, రోజుకు గంటా రెండు గంటలు. క్రమంగా పెంచాలి. పెళ్లిళ్లు, సంత చివరకు.

3. శుభ్రత: రాత్రి పొడిగుడ్డతో తుడవాలి. నీరు తగలరాదు. బ్యాటరీ మార్చేదైతే దాని మూత తెరిచి ఉంచాలి.

4. మాట: ముఖం కనబడేలా ఎదుట కూర్చొని, నిదానంగా మాట్లాడాలి. అరిస్తే మాట చెదురుతుంది.

5. హద్దు: నొప్పి, చీము, కళ్లు తిరగటం, హఠాత్తుగా వినికిడి తగ్గటం ఉంటే వెంటనే డాక్టరు వద్దకు తీసుకువెళ్లాలి. శబ్దం మరీ ఎక్కువైతే సరిచేయవలసింది ఆడియాలజిస్టు. గులిమి మనం తీయరాదు.

ఒకసారి చేసి చూపించండి. తరువాత పెద్దవారి చేతనే చేయించండి. వారం తిరిగేలోగా మళ్లీ వెళ్లి చూడండి.

మాట వినబడని మనిషి మొదట "ఆఁ?" అని అడుగుతాడు, తరువాత వినబడినట్లు నవ్వుతాడు, చివరకు నలుగురిలోకి రావటమే మానుకుంటాడు. మన విచారణలలో దివ్యపూజకు రావటం మానిన వృద్ధులలో ఇలాంటివారు లేరంటారా? ప్రతి విచారణ నుండి ఇద్దరు యువతీయువకులు దగ్గరి ఆడియాలజిస్టు వద్ద ఈ పని నేర్చుకోగలరు. ఈలోగా మీ ఇంటి బీరువా తెరిచి చూడండి.