ఆటిజము గల ఆడపిల్ల – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మాటలాడని బాలుని చూచి ఊరు కలతపడును. మాటలాడని బాలికను చూచి ‘నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకొనును. ఆడపిల్లలలో ఆటిజమును ఆలస్యముగా గుర్తించుటకు ఇది యొక కారణము.

ఆటిజము అననేమి?

ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించెను. వారిలో ముగ్గురు బాలికలు. తల్లి ప్రేమ చాలకపోవుటయే కారణమని కొంతకాలము కొందరు వైద్యులు నమ్మిరి. అది తప్పని తేలినది. ఇది గ్రహదోషమును కాదు, అంటువ్యాధియును కాదు. దీనిని మాన్పు మందు లేదు; ఓపికతో కూడిన శిక్షణయే మార్గము.

ఇంట నేర్పవలసినవి

రజస్వల కాకమునుపే నెలసరిని గూర్చి బొమ్మలు చూపి, ఒక్కొక్క మెట్టుగా నేర్పవలెను. గుడ్డ మార్చుకొనుట, తలుపు వేసికొని స్నానము చేయుట ప్రతిదినము ఒకే క్రమమున జరుగవలెను. తన దేహమును ఇతరులు తాకినచో మాటతోగాని సైగతోగాని ‘వద్దు’ అనుట ఆమెకు రావలెను. పెద్దపిల్ల అయినదని ఇంట బంధించుట రక్షణ కాదు. అది నేర్చిన విద్యను మరపించును.

ఊరు చేయవలసినవి

డప్పుల మ్రోతకు చెవులు మూసికొని కేకలు వేయు పిల్ల పొగరుబోతు కాదు. ఆ ధ్వని ఆమెకు భరింపరానిది. ఇట్టి పిల్లలు కొందరు చెప్పకుండ ఇల్లు విడిచి నీటివైపు పోవుదురు. మహదేవపూర్ మండలమునకు గోదావరి చేరువ. కావున పడవవారు, దుకాణదారులు, గ్రామ సిబ్బంది ఆమె ముఖమును, ఇంటిని ఎరిగియుండవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1995 నాటి వికలాంగుల చట్టమున ఆటిజము లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టమున చేరినది. 2016 నాటి చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇదియు నొకటి. ఆ చట్టము ప్రకారము, నిర్దిష్ట స్థాయి వైకల్యము ధ్రువపడిన పిల్లలకు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు.

18 ఏండ్లు నిండినంతనే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము చట్టరీత్యా ముగియును. స్వయముగా నిర్ణయించుకొనగల యువతికి ఆమె మాటయే ప్రధానము. సంరక్షకుడు అవసరమైనచో, జిల్లా కలెక్టరు గల స్థానిక స్థాయి సంఘమునకు దరఖాస్తు చేసికొనవలెను. మహదేవపూర్ వారికి జిల్లా కేంద్రము భూపాలపల్లి. నియమితుడైన సంరక్షకుడు 6 నెలలలో ఆమె ఆస్తుల జాబితాను, పిదప ఏటేట లెక్కలను సమర్పించవలెను. ‘మా తరువాత ఈ పిల్లకు ఎవరు?’ అను తల్లిదండ్రుల ప్రశ్నకు చట్టము చూపిన దారి ఇది. ఆమె వాటా భూమి పరుల పాలు కాకుండ కాపాడునదియు ఇదియే.

శిక్షణ కొరకు, 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగరున కేంద్రప్రభుత్వము స్థాపించిన జాతీయ సంస్థను సంప్రదింపవచ్చును.

సమావేశమున చర్చింపుడు

1. మన గ్రామమున ఇట్టి బాలికలు ఎందరు? వారిలో బడికి పోవువారెందరు?
2. ఎవరికి వైకల్య ధ్రువపత్రము ఇంకను రాలేదు?
3. వచ్చు ఏడాది 18 ఏండ్లు నిండువారి తల్లిదండ్రులకు సంరక్షకత్వమును గూర్చి చెప్పు బాధ్యత ఏ సభ్యునిది?