మందికి నచ్చింది మనకు నచ్చకపోతే: బాండ్ సినిమాలతో ఒక విమర్శ పాఠం

పోయిన వారం విమర్శ క్లాసులో 'పూర్వపక్షం' అన్న మాట బోర్డు మీద రాసి అర్థం చెబుతున్నాను. వెనక బెంచీలో ఇద్దరు జేమ్స్ బాండ్ గురించి గుసగుసలు. "స్కైఫాల్ నాకు నచ్చలేదే" అంది ఒకమ్మాయి. "నీకు సినిమా చూడ్డం రాదు, పో" అంది రెండో అమ్మాయి. అంతే, మొదటి అమ్మాయి నోరు మూసుకుంది. కోప్పడదామనుకున్నాను గానీ, ఆ నోరు మూసుకోవడం దగ్గరే నా పాఠం ఉందనిపించింది. క్లాసులో గంట కొట్టేశారు కాబట్టి మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

1962లో 'డాక్టర్ నో'తో మొదలై 2021లో 'నో టైమ్ టు డై' దాకా అసలు వరసలో వచ్చినవి 25 సినిమాలు. బాండ్ వేషం కట్టినవాళ్ళు ఆరుగురు. ఇన్నేళ్ళు సాగేసరికి అభిమానుల్లో కొన్ని తీర్పులు శిలాశాసనాల్లా నిలబడిపోయాయి. షాన్ కానరీయే అసలైన బాండ్. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' అన్నిటికీ కొలబద్ద. ఒక్క సినిమాతో వెళ్ళిపోయిన జార్జ్ లేజన్‌బీ పొరపాటున వచ్చిపడ్డవాడు. వీటిలో ఏ ఒక్కటి కాదన్నా మిగతావాళ్ళు మనల్ని వింతగా చూస్తారు. నేను రెండు కాదంటాను.

మొదటిది గోల్డ్‌ఫింగర్. కాదనేముందు అవతలివాళ్ళ వాదం వాళ్ళకంటే బాగా మనం చెప్పగలగాలి. పూర్వపక్షమంటే అదే. కాబట్టి చెబుతున్నాను: ఆయుధాలు దాచుకున్న కారు, టోపీ విసిరి మనిషిని చంపే బంటు, ఒళ్ళంతా బంగారు పూత పూసిన శవం, షిర్లీ బాసీ గొంతులో పాట. తర్వాత వచ్చిన బాండ్ సినిమాలన్నీ అప్పు తెచ్చుకున్నది ఇక్కడినుంచే. ఇదంతా నిజం, ఒప్పుకుంటాను.

కానీ కథలో బాండ్ ఏం చేశాడో ఒకసారి లెక్క వేయండి. రెండో సగంలో చాలాభాగం ఖైదీ. చివర్లో అణుబాంబు గడియారం 007 దగ్గర ఆగుతుంది చూడండి, దాన్ని ఆపింది కూడా అతను కాదు, ఆఖరి క్షణంలో వచ్చిన నిపుణుడు. అసలు ఫోర్ట్ నాక్స్ దగ్గర వేల ప్రాణాలు నిలబెట్టింది ఆనర్ బ్లాక్‌మన్ వేసిన పైలట్. విషవాయువు మార్పించి, కబురు అందించింది ఆవిడే. మరి యజమానిని కాదని ఆవిడ ఎందుకు మనసు మార్చుకుంది? సినిమా చూపించే కారణం ఒక్కటే. గడ్డివాములున్న కొట్టంలో ఆవిడ వద్దంటున్నా, తోసేస్తున్నా బాండ్ బలవంతం చేస్తాడు. దాన్ని సరసంగా చూపించారు. దీన్ని నీతి కోణంలో తప్పుపట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు, నేనూ పడతాను. అయితే నా వాదం ఇంకో అడుగు ముందుకెళ్తుంది. ఇది కథాకథనంలో కూడా తప్పే. కథ మొత్తం తిరిగే మలుపుకి రచయితలు హేతువు రాయలేదు, ఆ ఖాళీలో ఈ సీను పెట్టి పూడ్చారు. "ఆ రోజులు అలాంటివి" అని ఊరుకుంటే నీతి ప్రశ్నకు ఏదో జవాబిచ్చినట్టు అనిపించొచ్చు. కథ ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

రెండోది 1969 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పూర్వపక్షం: లేజన్‌బీ నటుడే కాదు, ఆస్ట్రేలియానుంచి వచ్చిన మోడల్. మారుపేరుతో విలన్ స్థావరంలోకి వెళ్ళే భాగంలోనైతే అతనికి వేరే నటుడి చేత డబ్బింగ్ చెప్పించారు. ఇవన్నీ నిజాలే.

ఐనా మంచు మీద స్కేటింగ్ చేసే చోటు సీను చూడండి. కొండ మీదినుంచి తప్పించుకొచ్చిన బాండ్ పండగ జనం మధ్య ఒక బల్ల మీద ముడుచుకుని కూర్చుంటాడు. చుట్టూ వెతుకుతున్నారు. పారిపోయే ఓపిక లేదు. మొహంలో భయం, నిజమైన భయం. అప్పుడు ఎదురుగా ఒక జత స్కేట్లు వచ్చి ఆగుతాయి. తలెత్తి చూస్తే ట్రేసీ. కారు నడిపి తప్పించేది కూడా ఆవిడే. డయానా రిగ్ ఆ వేషం వేసింది. కానరీ ధీమాతో ఆ సీను పండుతుందా? లేజన్‌బీ తడబాటే అక్కడ పనికొచ్చిందని నా అభిప్రాయం. పెళ్ళయిన కాసేపటికే కారులో ట్రేసీ హత్య జరిగిపోతుంది. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్న బాండ్‌తో సినిమా ఆగిపోతుంది. గెలుపు లేదు, చమత్కారం లేదు.

ఇది స్టాఫ్ రూములో చెబితే ఒక సహాధ్యాపకురాలు నన్ను బాగానే ఇరికించింది. "గోల్డ్‌ఫింగర్ని ఉతికి ఆరేశావు, మరి దీంట్లో కూతుర్ని పెళ్ళి చేసుకుంటే పది లక్షల పౌండ్లిస్తానని బేరం పెట్టే తండ్రి మాటేమిటి? ఆ పిల్ల మాట వినకపోతే గుద్ది స్పృహ తప్పించి తీసుకుపోతాడే, అది సరసమా?" అంది. నిజమే. నాకు ఇష్టమైన సినిమా కదా, ఆ గుద్దు దగ్గర కళ్ళు పక్కకి తిప్పుకున్నాను. ఇప్పటికీ సినిమా ఇష్టమే, కానీ నా వాక్యం మార్చుకున్నాను: స్కేటింగ్ సీను ట్రేసీని నమ్మింది, సినిమా మొత్తం ఆవిణ్ణి నమ్మలేదు.

ఇంకో సంగతి. ఆ సినిమా కోసం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడిన పాటని 2021లో 'నో టైమ్ టు డై' చివర మళ్ళీ వాడుకున్నారు. ఒకప్పుడు పదిమంది నవ్వుకున్న సినిమా దగ్గరికే వరస వెతుక్కుంటూ వెళ్ళింది.

సరే, వెనక బెంచీ అమ్మాయి దగ్గరికి వద్దాం. మర్నాడు పిలిచి "స్కైఫాల్ ఎందుకు నచ్చలేదమ్మా?" అని అడిగాను. మొదట "ఏం లేదు మేడమ్, ఊరికే" అంది. 2012 నాటి ఆ సినిమా వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి బాండ్ చిత్రం, దాన్ని కాదనడం చిన్న సంగతేం కాదు మరి. బతిమాలితే చెప్పింది. "సెవరీన్ చిన్నప్పుడే అమ్ముడుపోయిందని బాండే కనిపెడతాడు మేడమ్. కాసేపటికే ఆమె స్నానం చేస్తుంటే చెప్పకుండా వెళ్తాడు. తర్వాత ఆమెని కాల్చేస్తే వొలికిన మద్యం గురించి జోకేస్తాడు. హాల్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు." అందులో ప్రతిజ్ఞ ఉంది, హేతువు ఉంది, ఉదాహరణ ఉంది. ఐదు మార్కుల ప్రశ్నకి మీరు రాసే జవాబుల్లో ఇన్ని ఉండవు! లేనిదల్లా పూర్వపక్షం ఒక్కటే. బాండ్‌లో ఏదో చచ్చిపోయిందని చూపడానికే ఆ జోకు అని ఎవరైనా అంటే ఏం చెబుతావని అడిగాను. ఆలోచించి రాసిస్తానంది.

మీక్కూడా ఒక పని. గూఢచారి సినిమాల పిచ్చి మన మద్రాసుకి కొత్త కాదు, 1966లోనే కృష్ణ, జయలలితలతో 'గూఢచారి 116' వచ్చింది. బాండే మన దేశానికి వచ్చిన సినిమా 1983 నాటి 'ఆక్టోపసీ', ఉదయపూర్‌లో తీశారు. మన ఊరి టెన్నిస్ వీరుడు విజయ్ అమృతరాజ్ అందులో పాములవాడి నాగస్వరం మీద బాండ్ బాణీ ఊదుతాడు, ఆటో తోలుతాడు, టెన్నిస్ బ్యాటుతో దుండగుల్ని కొడతాడు, కథ మధ్యలోనే చనిపోతాడు. ఆ ఆటో సీను మన దేశాన్ని వెక్కిరిస్తోందా, బాండ్ సినిమాని వెక్కిరిస్తోందా? మీకు నచ్చని పక్షం ముందు రాసి, తర్వాత మీది రాయండి. పేజీన్నర మించొద్దు. కాగితాలు విభాగం తలుపు పక్క పెట్టెలో వేయండి, పేరు రాయడం మీ ఇష్టం.