బండి బరువు – మోయదగిన బరువు

పికప్ ట్రక్కు వెనుక అమర్చి, బస చేసినప్పుడు కప్పు పైకెత్తుకొను చిన్న గదిని క్యాంపరు అందురు. కుటుంబయాత్రకు ఇది సుఖమైనదే. అయితే అమ్మువారు చెప్పు బరువు సాధారణముగా ఖాళీ గదిది మాత్రమే.

మన వంటింటి గ్యాసు బండనే చూడుడు. 14.2 కిలోలనునది లోని గ్యాసు బరువు. ఇనుప బండతో కలిపి అది సుమారు 30 కిలోలగును. క్యాంపరు సంగతియు నిట్టిదే.

బండి రిజిస్ట్రేషను పత్రములోని మొత్తము బరువునుండి ఖాళీ బరువును తీసివేయగా మిగులునదే మోయదగిన బరువు. ఖాళీ బరువులో డ్రైవరు చేరడు.

ఒక లెక్క చేయుదము. మొత్తము బరువు 2,800 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకొనుడు. మిగులునది 1,100. ఖాళీ క్యాంపరు 700, నీరు 100 లీటర్లకు 100, డ్రైవరుతో ఐదుగురు 300 కిలోలు. ఇంతటితో హద్దు ముగిసినది. పరుపులకు, గ్యాసు బండకు, బియ్యమునకు చోటు లేదు.

బెంగుళూరునుండి తిరుపతి పోవు దారిలో పలమనేరు దాటిన పిమ్మట మొగిలి ఘాటు కలదు. అట్టి దిగుడులో అధిక భారముచే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవచ్చును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము అధిక భారమును నిషేధించుచున్నది. 2019 సవరణచే జరిమానా 20,000 రూపాయలు, హెచ్చు టన్నుకు మరి 2,000 చొప్పున నిర్ణయింపబడినది.

తలిదండ్రులకు మేము మనవి చేయునది ఇది: సామానుతో, మనుష్యులతో సహా బండిని కాటాపై తూచి బయలుదేరుడు. ఆ తీసివేత లెక్కను పిల్లలచేతనే చేయింపుడు.