పందుల మేత, పునీతుని రొట్టె



లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆస్తి తగలేసుకుని, పరదేశంలో పందులు కాస్తూ, వాటి ముందున్న పొట్టుతోనైనా కడుపు నింపుకోవాలని అతడు ఆశపడ్డాడు. పొట్టు అనగానే మనకు వడ్లపొట్టు, కందిపొట్టు గుర్తుకొస్తాయి. నేనూ చాలా ఏళ్లు ప్రసంగాలలో అలాగే చెప్పాను.

ఒక ఆదివారం చెన్నూరులో పూజ అయ్యాక ఒక అవ్వ నన్ను ఆపి, "పొట్టు తింటే మనిషికి కడుపెట్ల నిండుతాది సామీ?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి గ్రీకు మూలం తీసి చూశాను.

అక్కడున్న మాట 'కెరాతియా'. 'చిన్న కొమ్ములు' అని అర్థం. ఇవి మధ్యధరా సముద్ర తీరాలలో పెరిగే కేరబ్ చెట్టు కాయలు. మన చింత, తుమ్మ చేరిన కుటుంబంలోదే ఆ చెట్టు. ముదిరి ఎండిన కాయ ముదురు గోధుమరంగులో, కొంచెం వంపు తిరిగి, సుమారు జానెడు పొడవుంటుంది. గుజ్జు తియ్యగా ఉంటుంది, గింజ రాయిలా గట్టిది. పాలస్తీనాలో అది పశువుల మేత, బీదల తిండి కూడా. ఈనాడు ఆ కాయల పొడిని కోకోకు బదులుగా వాడుతున్నారు. గింజల నుంచి తీసే జిగురును ఐస్‌క్రీములలో కలుపుతారు.

ఈ కాయకు ఇంకొక పేరుంది: 'పునీత యోహాను రొట్టె'. స్నాపక యోహానుగారు ఎడారిలో మిడతలు, అడవి తేనె తిన్నారని మత్తయి, మార్కు సువార్తలు చెబుతున్నాయి. పునీతుడు పురుగులను తింటాడా అని సందేహించినవారు, ఆయన తిన్నవి ఈ కాయలే అయి ఉంటాయని భావించారు. అలా ఆ పేరు నిలిచింది. కాని గ్రీకు మూలంలో ఉన్నది మిడతలే. లేవీయకాండము 11వ అధ్యాయం కొన్ని రకాల మిడతలను తినవచ్చునని అనుమతించింది కూడా. కాబట్టి మన తెలుగు బైబులులో యోహానుగారి ఆహారం గురించి ఉన్న మాట సరైనదే.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వినే 'క్యారెట్' అనే మాట కూడా ఈ 'కెరాతియా' నుంచి వచ్చినదే. మన కంసాలులు గురివింద గింజతో తూచినట్లు, ఆ దేశాలవారు ఈ గింజతో తూచారు. గింజలన్నీ ఒకే బరువుంటాయని నమ్మేవారు గాని, నిజానికి వాటిలోనూ తేడాలుంటాయి. రోమనుల బంగారు నాణెం 24 గింజల తూకం. మేలిమి బంగారాన్ని 24 క్యారెట్లనడం అందుకే.

చూడండి, ఒకటే కాయ. పందుల ముందు పడితే మేత. పునీతుని పేరు తగిలితే రొట్టె. త్రాసులో పెడితే బంగారానికి కొలత. విలువ మారింది మన చూపులోనే.

కొన్ని రోజుల తర్వాత ఆ అవ్వకు ఈ సంగతి చెప్పాను. ఆమె నవ్వి, "కరువులో మా పెద్దోళ్లు చింతగింజలు వేయించి, నానబెట్టి తినిరి సామీ. ఆకలి రుచెరగదు గదా" అంది. 1876-78 నాటి ధాత కరువు మొదలుకొని మన సీమ ఆకలిని ఎరిగిన సీమ. ఆ అవ్వకు ఉపమానం నాకంటే ముందే అర్థమైంది.

ఆ కుమారుడు కోరినది చెత్త కాదు, తినదగిన కాయలు. అతని దుఃఖమంతా అవి కూడా అతనికి ఎవ్వరూ పెట్టకపోవడంలోనే ఉంది. పందికి దొరికిన తిండి మనిషికి దొరకలేదు. తండ్రి ఇంట మాత్రం అడగకముందే విందు సిద్ధమైంది.

బిడ్డ పెండ్లికి ఎన్ని క్యారెట్ల బంగారమో జాగ్రత్తగా చూసుకునే మనం, పక్క ఇంటి పొయ్యి వెలిగిందో లేదో చూస్తున్నామా? బీదవాని సంగటిని, అతని గిన్నెలోని కూటిని చిన్నచూపు చూస్తున్నామా?

ఈ వారం కుటుంబ ప్రార్థనలో లూకా 15వ అధ్యాయం కలిసి చదవండి. మీ ఇంటి పెద్దలు కరువులో ఏమి తిని బ్రతికారో పిల్లలకు చెప్పించండి. ఆ తర్వాత, పెట్టేవారు లేని ఒకరికి ఒక పూట భోజనం పెట్టండి.