చెయ్యి ముందు, మంట తర్వాత

ప్రశ్న: అట్లపెనం అంచు తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేస్తుంది. మంట ఆ తర్వాత తెలుస్తుంది. మెదడుకు తెలియకుండా చెయ్యి ఎలా కదిలిందని తొమ్మిదో తరగతి చదివే మావాడు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: మీవాడి అనుమానం సబబే. చెయ్యి లాగెయ్యమన్న ఆజ్ఞ వచ్చేది వెన్నుపాము నుంచి. వేలి చర్మంలో వేడిని పసిగట్టే నాడుల కొసలుంటాయి. అక్కడ బయల్దేరిన సంకేతం మెడ భాగంలోని వెన్నుపామును చేరగానే అక్కడికక్కడే మరో నాడిని తట్టి లేపుతుంది. చేతిని ముడిచే కండరం బిగుస్తుంది. అదే సమయంలో చాపే కండరానికి సడలమని కబురు వెళుతుంది. రెండూ ఒకేసారి బిగిస్తే చెయ్యి ఎటూ కదలదు కదా!

మెదడుకూ కబురు వెళుతుంది, కానీ రెండు దారుల్లో. ‘చురుక్కు’మనే మొదటి నొప్పిని మైలిన్ అనే కొవ్వు పొర ఉన్న సన్నని తంతువులు సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగంతో మోసుకెళతాయి. ఆ పొర లేని తంతువుల వేగం 2 మీటర్లకు మించదు. వేలి నుంచి మెదడుకు దాదాపు మీటరు దూరం. అందుకే అసలు మంట తీరిగ్గా, అర సెకనుకో ఇంకాస్త ఆలస్యంగానో అందుతుంది.

అలాగని మెదడు చేతకానిదనుకోవద్దు. వేడి సాంబారు గిన్నె దించుతుంటే మసిగుడ్డ జారి వేళ్లు కాలినా, గట్టు మీద పెట్టేదాకా మీరు వదలరు. పక్కన పిల్లలున్నారని తెలిసిన మెదడు వెన్నుపాము తొందరను పైనుంచి అణిచిపెడుతుంది. చెయ్యి తనంతట తానే వెనక్కి వచ్చే ఈ ‘ప్రతీకార చర్య’ గురించి పరీక్షలో రాసేటప్పుడు ఈ సంగతీ రాయమనండి.

ప్రశ్న: ముంజేతి మీద నరాలు పచ్చగా పైకి తేలాయి. నరాల బలహీనతేనా?
– డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: కాదు. అవి రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే సిరలు. సన్నగా ఉన్నవాళ్లకూ, వ్యాయామం చేసేవాళ్లకూ అలాగే కనిపిస్తాయి. గోడల మీది ప్రకటనలు చూసి డబ్బు తగలెయ్యకండి. అసలు నాడి ఎక్కడుందో తెలియాలంటే మోచేతి లోపలివైపు ఎముక వెనక వేలితో కదిపి చూడండి, చిటికెన వేలు జివ్వుమంటుంది.

ప్రశ్న: మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్. రాత్రిళ్లు అరికాళ్లు మంటలంటారు. పగలేమో కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. మంట తెలిసినచోట స్పర్శ తెలియకపోవడమేమిటి? చేతులు బాగానే ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండూ ఒకే జబ్బు లక్షణాలు. షుగర్ అదుపు తప్పితే నాడీ తంతువులూ, వాటికి రక్తమందించే సన్నని నాళాలూ దెబ్బతింటాయి. చచ్చుబడిన తంతువులు స్పర్శను మోయవు. సగం చెడినవి ఏమీ తగలకపోయినా మంట మంట అని తప్పుడు కబుర్లు పంపుతుంటాయి. నడుము నుంచి కాలివేళ్ల దాకా సాగే తంతువులు మీటరు పొడవుంటాయి. పొడవైనవే ముందు పాడవుతాయి కాబట్టి జబ్బు మేజోళ్లు తొడిగినట్టు పాదాల నుంచి పైకి పాకుతుంది. చేతుల వంతు తర్వాత.

మంటకన్నా మొద్దుబారడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. మేకు గుచ్చుకున్నా తెలియని కాలు పుండు పడితేగానీ బయటపడదు. రోజూ రాత్రి ఆయన అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. ఇంట్లోనూ చెప్పులు వేసుకోమనండి. వేడినీళ్లలో కాళ్లు పెట్టనివ్వకండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడుతుంటే బి12 తగ్గవచ్చు, ఆ లోపం వల్లా ఇవే లక్షణాలు వస్తాయి, పరీక్ష చేయించండి. మందులషాపులో అడిగి తెచ్చిన ‘నరాల బలం’ మాత్రలు మాత్రం అదేపనిగా మింగించవద్దు. చాలావాటిలో బి6 ఉంటుంది. మోతాదు మించితే అదే నాడులను దెబ్బతీస్తుంది. పాదం మీద పొక్కు కనిపించినా, రంగు మారినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.