ఎలక్ట్రానిక్ వ్యర్థాలు - మానవుని బాధ్యత

ప్రకృతిలో వ్యర్థమనేది లేదు. రాలిన ఆకు మట్టిలో కలిసి ఎరువై, తిరిగి ఆ చెట్టు వేరునే చేరుతుంది. మానవుడు సృష్టించిన వస్తువులకు అట్టి సద్గతి తనంతట తాను లభించదు. ఈ సత్యం తెలిసినవారు కనుకనే పూర్వం తెలుగు ఇళ్ళలో చిల్లుపడిన బిందెకు మాటు వేయించేవారు. ఇత్తడి పాత్రలకు కళాయి పూయించేవారు. చినిగిన చీరలను బొంతలుగా కుట్టుకొనేవారు. ఒక రేడియోను కొంటే దానిని బాగుచేయించుకొంటూ ఏళ్ళ తరబడి వాడుకొనేవారు.

నేడు పరిస్థితి తారుమారైంది. సెల్‌ఫోను, కంప్యూటరు, టెలివిజన్ పాడైపోకముందే పాతబడిపోతున్నాయి. ఇందుకు వినియోగదారుని మోజు మాత్రమే కారణం కాదు. 1924లో ప్రపంచంలోని ప్రముఖ విద్యుద్దీపాల సంస్థలు జెనీవాలో కూటమిగా ఏర్పడి, బల్బు ఆయుర్దాయాన్ని 1,000 గంటలకు పరిమితం చేశాయి. అంతకంటె ఎక్కువకాలం వెలిగే దీపాలను తయారుచేసిన సభ్యసంస్థలకు జరిమానా విధించాయి! విడదీయరాని బ్యాటరీలు, దొరకని విడిభాగాలు, కొన్నేళ్ళకే నిలిచిపోయే సాఫ్ట్‌వేర్ సేవలు నేటి వస్తువుల ఆయుష్షును తగ్గిస్తున్నాయి.

ఫలితంగా వ్యర్థాలు కొండలవలె పెరుగుతున్నాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక ప్రకారం 2010లో 3 కోట్ల 40 లక్షల టన్నులుగా ఉన్న ప్రపంచ ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 2022 నాటికి 6 కోట్ల 20 లక్షల టన్నులకు చేరాయి. వీటిలో సక్రమంగా సేకరించి, శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చినవి 22.3 శాతం మాత్రమే.

మిగిలినవాటిలో అధికభాగం చెత్తకుప్పలనో, నిరుపేదల చేతులనో చేరుతుంది. ఢిల్లీలోని సీలంపూర్ వంటి ప్రాంతాలలో ఎందరో ఈ వ్యర్థాలను విడదీసి జీవనం సాగిస్తున్నారు. ఇటువంటి అనధికార కేంద్రాలలో రాగికోసం తీగలను తగులబెడతారు. బంగారంకోసం సర్క్యూట్ పలకలను ఆమ్లాలలో ముంచుతారు. పాత టెలివిజన్ల గాజులోని సీసం, కొన్ని బ్యాటరీలలోని కాడ్మియం, కొన్ని తెరల దీపాలలోని పాదరసం గాలిని, నీటిని, నేలను విషతుల్యం చేస్తాయి.

చైనాలోని గ్వియూ పట్టణం ఒకప్పుడు ఇట్టి పనికి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అక్కడి 165 మంది బాలలను పరీక్షించి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, 135 మంది రక్తంలో సీసం నాటి ప్రమాణాన్ని మించి ఉన్నట్లు తేలింది. సీసం పిల్లల మేధాశక్తిని కుంటుపరుస్తుంది. ఎక్కడో ఎవరో వాడి పారవేసిన కంప్యూటరుకు ఆ పసివారు మూల్యం చెల్లించారు.

ఈ అన్యాయాన్ని అరికట్టడానికి ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. ప్రమాదకర వ్యర్థాలు దేశాల సరిహద్దులు దాటడాన్ని నియంత్రించే బాసెల్ ఒప్పందం 1989లో కుదిరింది. భారతదేశంలో ప్రత్యేక నిబంధనలు 2012 మే 1 నుండి అమలులోకి వచ్చాయి. వాటి స్థానంలో 2016లోను, 2022లోను సమగ్రమైన నిబంధనలు వెలువడ్డాయి. వస్తువును తయారుచేసిన సంస్థయే దాని అంత్యదశకు కూడ బాధ్యత వహించాలన్నది వీటి సారాంశం.

సక్రమంగా సేకరిస్తే ఈ వ్యర్థమే సంపద కాగలదు. జపాన్ ప్రజలు 2017 నుండి 2019 వరకు సుమారు 79 వేల టన్నుల పాత పరికరాలను అందజేశారు. వాటినుండి లభించిన 32 కిలోల బంగారం, వెండి, కంచులతో టోక్యో ఒలింపిక్, పారాలింపిక్ క్రీడలకు దాదాపు 5,000 పతకాలు రూపుదిద్దుకొన్నాయి.

అయితే చట్టం ఒక్కటే చాలదు. పాతసామాన్లవాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తాడని అతనికే అమ్మివేయడం అందరికీ అలవాటు. అతనిని తప్పుపట్టి, పొట్టకొట్టడం న్యాయం కాదు. అతని శ్రమను గుర్తించి, తగిన శిక్షణను, రక్షణ సాధనాలను కల్పించి, అధీకృత శుద్ధి కేంద్రాలతో అనుసంధానించడం ప్రభుత్వాల, పరిశ్రమల కర్తవ్యం. బాగుచేయదగిన వస్తువును బాగుచేయించుకోవడం, పనికిరాని దానిని అధీకృత కేంద్రానికి అప్పగించడం పౌరుల కర్తవ్యం.

ఇంటి గడప దాటినంత మాత్రాన వస్తువు అంతరించిపోదు. మరొకరి గడపకు చేరుతుంది. ఆ గడపలోపల ఒక పసిపాప ఉంటుందన్న స్పృహయే పర్యావరణ పరిరక్షణకు తొలిమెట్టు.